వల దించేముందు అడుగున ఏముందో రాసి పెట్టండి

ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఇప్పుడు ఎటు చూసినా రంగు వాసన, డీజిల్ వాసన. ఇంజిన్, కొత్త తాళ్ళు, లైసెన్సు, లైఫ్ జాకెట్లు అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటున్నారు. బోటు ఓనర్లు, బోటు నడిపే సరంగులు వాటితోపాటు ఇంకొకటి కూడా చూసుకోవాలి. అది సముద్రం అడుగున మీ వల తగులుకునే చోట్ల లెక్క.

జీపీఎస్ లేని రోజుల్లో మా మావయ్య రేవు పక్కనున్న డాల్ఫిన్ నోస్ కొండనీ, సింహాచలం కొండనీ చూపించి, "ఈ రెండూ ఇలా కనబడితే వల లాగకురా" అనేవాడు. కింద ఉన్నది బండో, మునిగిన ఓడో ఆయనకు పట్టలేదు. వల చిరక్కపోతే చాలు. కానీ ఇది ఎప్పటినుంచో ఓడలు నడిచిన తీరం. విశాఖ దగ్గరి పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండ తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అన్ని వందల ఏళ్ళు ఓడలు తిరిగిన నీళ్ళలో మునిగినవీ ఉంటాయి.

వల గట్టిగా తగులుకుంటే ఇంజిన్ రేజ్ చేయొద్దు. అలల మీద బోటు ఒక పక్కకి ఒరిగి తిరగబడేది అలాంటప్పుడే. స్పీడు తగ్గించి, లాగిన దారినే వెనక్కి వెళ్ళి విడిపించండి. రాకపోతే కోసేయండి. వల నోరు తెరిచి ఉంచే ఆ బరువు పలకలు ఒక్కసారి ఈడిస్తే, ఇసుక కింద ఇన్నేళ్ళూ పాడవకుండా ఉన్న పాత ఓడ చెక్క బయటపడుతుంది. ఆ తర్వాత పురుగు తొలిచేస్తుంది.

1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు బయటే ఉంది. దాంతోపాటు మునిగిన 93 మందిలో చాలామందికి అదే సమాధి. 1944 ఫిబ్రవరిలో మునిగిన జపాన్ జలాంతర్గామి రో-110 కూడా విశాఖ నీళ్ళలోనే ఉంది. ఘాజీ వచ్చింది టార్పెడోలతో, మైన్లతో. పేలనిది ఒక్కటున్నా చాలు, బోటు మిగలదు. గొట్టంలాంటి, గుండులాంటి లోహపు వస్తువు వలలో కనిపిస్తే డెక్ మీదికి లాగకండి. వల పోయినా పర్లేదు, దూరం జరిగి కోస్ట్ గార్డ్‌కి 1554కి ఫోన్ చేయండి.

ఇక కుండలు, లంగర్లు, చెక్కలు. ఒకసారి మావయ్య వలలో చిన్న కూజా మెడ వచ్చింది, మీద గవ్వలు అంటుకుని ఉన్నాయి. అత్తయ్య దాన్ని మంచినీళ్ళతో తోమి ఎండలో పెట్టింది. వారం తిరక్కుండా తెల్లగా ఉప్పు పూసింది, తర్వాత పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. లోపలికి ఇంకిన ఉప్పు ఆరేటప్పుడు గడ్డకట్టి మట్టిని పగలగొడుతుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అందుకే వచ్చిన వస్తువుని తోమకుండా, గీకకుండా బకెట్‌లో సముద్రపు నీళ్ళు పోసి అందులోనే ఉంచండి. నీడలో పెట్టి గోనె కప్పండి. పాత ఇనుముకి అమ్మేయకుండా కలెక్టరాఫీసుకి గానీ పురావస్తు శాఖకి గానీ తెలియజేయండి. వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది.

ఓడల దారి ఎక్కడ, అడుగు తవ్వి లోతు చేసే డ్రెడ్జింగ్ ఎక్కడ, కేబుల్ ఎక్కడ, వేట ఎక్కడ అని సముద్రాన్ని ముందే పంచుకుని రాసుకునే ప్రణాళికని మన దేశంలో నార్వే సాయంతో పుదుచ్చేరిలో మొదలుపెట్టారు. ఇక్కడా ఆ మ్యాపు గీసే రోజు వస్తుంది. మునిగిన ఓడ అందులో లేకపోతే డ్రెడ్జర్‌కి అది ఉత్త అడ్డంకే. 2001 యునెస్కో ఒప్పందం ఇలాంటివాటిని ఉన్నచోటే కాపాడటం మొదటి మార్గం అంటుంది. అయితే దానికి వస్తువు నీళ్ళలో వందేళ్ళు ఉండాలి. ఆ లెక్కన రో-110కి 2044 రావాలి, ఘాజీకి 2071. అంతదాకా ఆగలేం. పైగా మన దేశం ఆ ఒప్పందంలో చేరలేదు.

మునిగిన ఓడ చుట్టూ చేప చేరుతుంది కాబట్టి ఆ చోటు ఎవరికీ చెప్పరు, నాకు తెలుసు. వాట్సాప్ గ్రూపుల్లో అసలే పెట్టకండి, దోచుకునేవాళ్ళూ చూస్తారు. ఒక నోట్‌బుక్‌లో జీపీఎస్ రీడింగు, లోతు, ఏం తగిలింది, ఏ ఏడాది అని నాలుగు ముక్కలు రాసి, ఒక కాపీ మత్స్యశాఖ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. పెద్ద సరంగులు ఇంట్లో ఉన్నది ఈ నాలుగు రోజులే, పక్కన కూర్చుని అడిగి రాయండి. మావయ్య చెప్పిన గుర్తుల్లో నాకు మూడే జ్ఞాపకం ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు.