గిరాకీ మారుతుంటే ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపును ఎలా నడపాలి?

డబ్బా టీవీలు, డీవీడీ ప్లేయర్లు బల్ల మీంచి దిగిపోయి చాన్నాళ్లయింది. ఇప్పుడొచ్చేవి ఎల్‌ఈడీ టీవీలు, ల్యాప్‌టాప్‌లు, ఇన్వర్టర్ ఏసీ బోర్డులు, ఇండక్షన్ స్టవ్‌లు, సీసీ కెమెరా అడాప్టర్లు. పని లేదని వాపోయే షాపుల్లోనే గుమ్మం దాకా వచ్చిన గిరాకీని రోజుకు రెండుసార్లు ‘అది మేం చెయ్యం’ అని పంపేస్తుంటారు. ఎన్ని పంపారో మాత్రం ఎక్కడా రాసుకోరు. షాపును మార్చాలంటే మొదలు అక్కడే.

1. తిప్పి పంపిన పనికి ఒక పుస్తకం పెట్టండి

200 పేజీల రిజిస్టరు చాలు. తేదీ, వస్తువు, మోడల్, కస్టమర్ చెప్పిన మాట, ఎందుకు తీసుకోలేదు: ఈ ఐదు గడులు గీయండి. ఫోన్లో అడిగి ఊరుకున్నవీ రాయండి. చివరి గడిలో ఒక్క ముక్కే ఉండాలి: ‘రాదు’ (ఆ పని మనకు తెలియదు), ‘సామాను లేదు’, ‘రేటు’, ‘టైం’. మూడు నెలలు ఆపకుండా రాస్తే చాలు. మొదటి వారం శ్రద్ధగా రాసి వదిలేసిన పుస్తకం ఎందుకూ పనికిరాదు.

చివరి గడిలో ఒక్కో మాటకు ఒక్కో మందు. ఒకే రకం వస్తువు ఎదురుగా ‘రాదు’ నెలకు ఎనిమిది, పదిసార్లు కనిపిస్తే ఆ పని నేర్చుకోవచ్చు. ‘సామాను లేదు’ అయితే స్టాకు సంగతి. ‘రేటు’ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. 32 అంగుళాల టీవీ ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర) పగిలితే, కొత్త ప్యానెల్ ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా వచ్చేస్తుంది. మీకెంత పనొచ్చినా ఆ గిరాకీ తిరిగి రాదు, దాని వెంట పడొద్దు.

2. మీ గంట ఖరీదెంతో తేల్చుకోండి

ఉదాహరణకు అద్దె 15 వేలు, కుర్రాడి జీతం 18 వేలు, కరెంటు 3 వేలు, తిరుగుడు, చిల్లర 4 వేలు అనుకుందాం. మొత్తం 40 వేలు. నెలకు 25 రోజులు తెరిస్తే రోజుకు 1,600. బల్ల మీద నిజంగా పని జరిగేది ఆరు గంటలే అనుకుంటే గంటకు సుమారు 270 రూపాయలు. ఇందులో మీ జీతం ఇంకా కలపలేదు. రెండు గంటలు తినే మిక్సీ బోర్డును 300కు ఒప్పుకుంటే చేతి డబ్బు పడుతున్నట్టే. అందుకే చూసే చార్జీ ముందే చెప్పి తీసుకోండి, రిపేరు చేయించుకుంటే బిల్లులో తగ్గించండి.

ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. కూలీతోపాటు బిల్లులో వేసిన సామాను ధర కూడా ఆ 20 లక్షల్లోకే వస్తుంది.

3. ఒక్కసారికి ఒక్క కొత్త పని ఎత్తుకోండి

కాలనీల్లో షాపుకైతే మొదటి ఎంపిక ఎల్‌ఈడీ టీవీ బ్యాక్‌లైటే, అంటే తెర వెనక వెలిగే లైటు. ‘సౌండొస్తుంది, బొమ్మ రావట్లేదు’ అన్న ఫిర్యాదు మాటిమాటికీ వస్తుంది. గది చీకటి చేసి, టీవీ ఆన్ చేసి, స్క్రీన్ మీదికి టార్చిని ఏటవాలుగా కొట్టండి. మసకగా బొమ్మ కదులుతుంటే ప్యానెల్ బాగున్నట్టే, బ్యాక్‌లైట్ పోయింది. తర్వాత డ్రైవర్ (బ్యాక్‌లైట్‌కు కరెంటిచ్చే సర్క్యూట్) నుంచి వోల్టేజీ వస్తోందో లేదో కొలవండి. వస్తుంటే తప్పు స్ట్రిప్పుల్లో (ఎల్‌ఈడీలు వరసగా ఉండే పట్టీలు), లేకుంటే బోర్డులో. స్ట్రిప్పులను ఎల్‌ఈడీ టెస్టరుతో చూసేటప్పుడు జాగ్రత్త. లోడు లేనప్పుడు దాని కొనల మధ్య 200 వోల్టులకు పైగా ఉండొచ్చు.

ఇక్కడ మూడు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది, మాడిన ఒక్క ఎల్‌ఈడీనే మార్చడం. మిగతావీ అంతే కాలం వేడెక్కినవే కాబట్టి కొన్ని నెలల్లో ఇంకోటి పోతుంది, కస్టమర్ మీ షాపు ముందు నిలబడతాడు. సెట్టు మొత్తం మార్చండి. రెండోది, టీవీ మోడల్ చెప్పి స్ట్రిప్పులు కొనడం. ఒకే మోడల్‌లో వేర్వేరు ప్యానెళ్లు వాడిన టీవీలుంటాయి. పైగా కొన్ని ఎల్‌ఈడీలు 3 వోల్టులవి, కొన్ని 6 వోల్టులవి, ఒకదాని చోట ఇంకోటి వేస్తే పని చేయదు. టీవీ విప్పి, స్ట్రిప్పు మీది నంబరు, ఎల్‌ఈడీల లెక్క, పొడవు ఫొటో తీసుకున్నాకే కొనడానికి బయల్దేరండి. మూడోది, ప్యానెల్ ఎత్తడం. 43 అంగుళాలు, ఆ పైవాటికి ఇద్దరు మనుషులు కావాల్సిందే. ప్యానెల్ అంచున ఉండే సన్నటి రిబ్బన్లలో ఒకటి నలిగినా నిలువు గీతలు పడతాయి, ఆ టీవీ ఇక మీ ఖాతాలోకే. లోపలి తెల్ల షీట్ల వరస చెదరకుండా ఒక మూల పెన్సిలుతో గుర్తు పెట్టండి, వేళ్లు తగలనివ్వకండి.

అన్నీ మార్చి టీవీ అప్పగిస్తే పని అయిపోలేదు. చాలా సెట్లలో బ్యాక్‌లైట్ నూరు శాతంలో ఉంటుంది, స్ట్రిప్పులు మాడేది ఆ వేడికే. మెనూలో 60, 70కి దించి కస్టమర్‌కు చూపించండి. మెనూలో తగ్గించే వీలు లేని సెట్లలో డ్రైవర్ దగ్గర పక్కపక్కన ఉండే సెన్స్ రెసిస్టర్లలో (ఎంత కరెంటు పోతోందో డ్రైవర్‌కు తెలిపేవి) ఒకటి తీసేసి కరెంటు తగ్గిస్తారు. తీసే ముందు, తీశాక కరెంటు కొలిచి రాసుకోండి.

రెండో ఎంపిక ఇన్వర్టర్ ఏసీ బోర్డు. ఇంటింటికీ తిరగక్కర్లేదు, ఏరియాలోని ఏసీ మెకానిక్‌లే మీ గిరాకీ. ఔట్‌డోర్ బోర్డు మీద బల్లి పడో, చీమలు చేరో షార్టయినవి బోలెడు. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేయడం మానేసి, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుకు వైర్లు పెట్టి ఖాళీ చేయండి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. రిపేరయిన బోర్డుకు మొదటిసారి కరెంటిచ్చేటప్పుడూ అదే బల్బు సిరీస్‌లో (కరెంటు దాని గుండానే బోర్డుకు వెళ్లేలా) ఉండాలి. బోర్డు తెచ్చిన మెకానిక్‌ను కంప్రెసర్ మూడు టెర్మినళ్ల మధ్య రెసిస్టెన్స్ సమానంగా ఉందా, బాడీకి లీకేజీ ఉందా అని అడగండి. ఇది చూడకుండా బిగిస్తే బోర్డు ఆ సాయంత్రమే మళ్లీ పోతుంది, తప్పు మీ మీద పడుతుంది.

ల్యాప్‌టాప్ పని హైదరాబాద్‌లో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల వైపు ఎక్కువ. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి పాతవాటిని తెచ్చి అడుగుతారు. ఇంటెల్ 8వ తరం కన్నా పాతదైతే విండోస్ 11కు అధికారికంగా సరిపోదని డబ్బు తీసుకోకముందే చెప్పండి. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు బదులు వేసే వేగమైన స్టోరేజీ) వేసేటప్పుడు ఎం.2 స్లాటు సాటా రకానిదా, ఎన్‌వీఎంఈ రకానిదా చూడండి, రెండూ చూపులకు దాదాపు ఒకేలా ఉంటాయి.

ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జర్ తీసుకోవచ్చు, బ్యాటరీ ప్యాక్ మాత్రం విప్పకండి. దానికి శిక్షణ వేరు, గది వేరు, నిప్పు జాగ్రత్తలు వేరు.

4. సామాను నెలకు సరిపడా మాత్రమే

నెలలో మూడుసార్లు వాడిన సామాను మూడేసి చొప్పున స్టాకులో పెట్టుకోండి: 25 వోల్టుల 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఫ్యూజులు, వేరిస్టర్లు (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే బోర్డును కాపాడేవి), టైప్-సీ జాక్‌లు, 12 వోల్టుల అడాప్టర్లు. కెపాసిటర్లు 105 డిగ్రీల వేడి తట్టుకునేవే కొనండి. ఫ్యూజు మాత్రం బోర్డు మీద రాసిన ఆంప్స్‌దే. పెద్దది వేస్తే ఫ్యూజు బదులు ట్రాకు కాలుతుంది. మోడల్‌కు ప్రత్యేకమైన బోర్డులు, స్ట్రిప్పులు సగం అడ్వాన్సు చేతికొచ్చాకే.

చిల్లర సామానుకు, మొబైల్ స్పేర్లకు కోఠి గుజరాతీ గల్లీ, మొబైల్స్‌కు ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్, కంప్యూటర్లకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్. కూకట్‌పల్లి నుంచి కోఠి పోయి రావడమంటే సగం రోజు. వారానికి రెండు రోజులు ఖాయం చేసుకోండి. మియాపూర్–ఎల్బీనగర్ మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే పార్కింగ్ గోల తప్పుతుంది.

కాలాన్ని బట్టి కూడా సర్దుకోవాలి. ఏసీ బోర్డులకు మార్చి కల్లా సిద్ధం కావాలి. జూన్‌లో మెరుపులు మొదలయ్యాక రౌటర్ అడాప్టర్లు, టీవీల హెచ్‌డీఎంఐ పోర్టులు వరసగా వస్తాయి. దసరా, దీపావళికి ఎక్స్ఛేంజ్ ఆఫర్లుంటాయి, అప్పుడు పాత టీవీకి పెద్ద ఖర్చు చెబితే ఎవరూ ఒప్పుకోరు.

5. కౌంటరు దగ్గర

వస్తువు తీసుకోగానే గీతలు, సొట్టలు కస్టమర్ ఎదుటే జాబ్ కార్డు మీద రాసి ఫొటో తీయండి. వారంటీ మార్చిన భాగానికే అని అందులోనే ఉండాలి. ఫోన్ పాస్‌వర్డ్ అడగొద్దు, టచ్, కెమెరా కస్టమర్ చేతే చూపించుకోండి. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనే ముందు *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) చూడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు 14422కు ఎస్సెమ్మెస్ చేస్తే అది బ్లాకైనదో కాదో తెలుస్తుంది. ఐఎంఈఐ మార్చమని అడిగిన గిరాకీని మాత్రం నిస్సందేహంగా తిప్పి పంపండి, అది నేరం.

ఉబ్బిన బ్యాటరీలను మిగతా సామానుకు దూరంగా ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టండి. చచ్చిన బోర్డులు, బ్యాటరీలు పాతసామాన్ల బండికి వేయకుండా రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వండి. బోర్డుల విషయంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే.

మూడు నెలలు నిండాక ఆ తిప్పి పంపిన పుస్తకం తీసి ‘రాదు’లు మళ్లీ లెక్కబెట్టండి. కొత్తగా నేర్చుకున్న పని ఆ గడిలో ఇంకా కనిపిస్తుంటే, రెండో పని జోలికి ఇప్పుడే పోవద్దు.