మనసు పడ్డ కుక్క ఒంటికి పడకపోతే: వానలకు ముందు జాగ్రత్తలు

మృగశిర కార్తె జూన్ 7కో 8కో వస్తుంది. దానికి పదిహేను రోజుల ముందు మా వంటింటి క్యాలెండర్లో ఒక తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. ఆ రోజు నుంచి మా ఆయన ముక్కులో స్ప్రే కొట్టుకోవడం మొదలు. "ఎండలు మండిపోతున్నాయి, ఒక్క తుమ్ము లేదు, ఇప్పుడెందుకే?" అంటారు ప్రతి ఏడూ. నేను జవాబు చెప్పను, సీసా చేతికిస్తాను.

మాది విజయవాడ సింగ్ నగర్. టామీ నాటు కుక్క, ఆరేళ్లవాడు. మా ఆయనకు వాడంటే ప్రాణం. ఒంటికే పడడు, కుక్క ఎలర్జీ. వేసవిలో ఆ సంగతి పెద్దగా బయటపడదు. పగలు వరండా, రాత్రి డాబా, గాలి ఆడుతూ ఉంటుంది. వానలు పట్టాక కథ మారుతుంది. వాడు ఇంట్లోకి వస్తాడు, కిటికీలు మూతపడతాయి, ఆరని బట్టలన్నీ హాల్లో దండేలకెక్కుతాయి, గోడలు చెమ్మగిల్లుతాయి. ఆ చెమ్మకు పరుపుల్లో డస్ట్ మైట్లు అనే కంటికి కనపడని పురుగులు పెరుగుతాయి, గోడ మూలల్లో బూజు పడుతుంది. కుక్క పడనివాళ్లలో చాలామందికి ఇవి కూడా పడవు. అన్నీ ఒకేసారి మీద పడితే ముక్కు దగ్గర మొదలైంది ఛాతీలోకి దిగుతుంది.

మాకది 2024లో అర్థమైంది. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా పేట మీద పడ్డప్పుడు కింది వాటా మునిగి, పైవాటా వాళ్ల ఒక్క గదిలో ఏడుగురం మనుషులం, టామీ. కరెంటు లేదు, తలుపు తీస్తే జల్లు. మూడో రాత్రికి మా ఆయన ఛాతీలో పిల్లికూతలు. కుక్క వల్ల పిల్లికూతలేమిటని తర్వాత నవ్వుకున్నాం గానీ ఆ రాత్రి ఎవరికీ నవ్వు రాలేదు. పడవల మీద పాలు వచ్చాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు వచ్చాయి. మాకు కావలసిన ఇన్‌హేలర్ మాత్రం కింద నీళ్లలో ఉండిపోయింది.

అప్పటిదాకా ఆయన టామీ పేరెత్తనిచ్చేవారు కాదు. పోపు ఘాటన్నారు, బెంజ్ సర్కిల్ దుమ్మన్నారు, శుక్రవారం మా అత్తగారు వేసే సాంబ్రాణి అన్నారు. (సాంబ్రాణి పొగ నిజంగానే కొంత కారణం. అది ఎలర్జీ కాదు, ఇప్పటికే వాచి ఉన్న ముక్కును ఇంకా రేపుతుంది. వానాకాలం నాలుగు నెలలూ సాంబ్రాణి గుడిలోనే అని ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది.) ఒకసారి టామీని పది రోజులు తెనాలిలో మా తమ్ముడింట్లో ఉంచాం. తుమ్ములు తగ్గలేదు. "చూశావా, వాడి తప్పేం లేదు" అని ఆయన ఊరంతా చెప్పుకున్నారు. అసలు కిటుకు అక్కడే ఉంది. కుక్క వెళ్లిపోయినా అది రాల్చింది సోఫాలో, పరుపులో, కర్టెన్లలో నెలల తరబడి ఉంటుంది. పది రోజులు పంపి చూడటం పరీక్షే కాదు. ఎలర్జీ ఉందో లేదో రక్తంలో చూసే ఐజీఈ పరీక్షో, చేతి మీద సూదితో గీరి చూసే స్కిన్ ప్రిక్ పరీక్షో చేయించాలి. రెండోదానికైతే ఎలర్జీ మాత్రలు సుమారు వారం ముందు ఆపాలి, లేకపోతే ఫలితం తప్పు వస్తుంది. ఎన్ని రోజులన్నది డాక్టరునే అడగండి. ఈ పనేదో మే నెలలోనే చేయించుకుంటే, వానల్లో మాత్రలు మానేసి తుమ్ముతూ కూర్చునే తిప్పలు తప్పుతాయి.

ఇంతకీ కుక్క రాల్చేది ఏమిటి? అందరూ వెంట్రుకలు అనుకుంటారు. వెంట్రుక వాహనం మాత్రమే. చర్మం మీది నుంచి రాలే సన్నని పొట్టు, లాలాజలం, మూత్రం, వీటిలోని ప్రొటీన్లే మనకు పడనివి. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, లాలాజలం ఆరుతుంది, పొడై గాల్లో తేలుతుంది. అందుకే కుక్కకు గుండు గీయిస్తే ఎలర్జీ పోదు. "ఈ జాతి కుక్కకు ఎలర్జీ రాదండీ" అని పూడుల్‌నో షిట్జూనో ఎక్కువ ధరకు అంటగట్టే మాట కూడా నమ్మకండి. ఆ ప్రొటీన్లు లేని కుక్క జాతి లేదు. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది. వాటిలో కాన్ ఎఫ్ 5 అనేది మగకుక్క ప్రొస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. కొందరికి అదొక్కటే పడదు. అలాంటివాళ్లకు ఆడకుక్కతో ఇబ్బంది ఉండకపోవచ్చు, మగకుక్కకు ఆపరేషన్ చేయిస్తే కొంత ఊరట దొరకొచ్చు. విడివిడిగా ఏ ప్రొటీన్ పడదో చెప్పే రక్తపరీక్ష ఉంది. కుక్కను ఇంకొకరికి ఇచ్చేద్దామా అని ఆలోచించే ముందు దాని గురించి ఎలర్జీ డాక్టరును అడగండి.

మందుల దగ్గర ఎక్కువమంది చేసే తప్పు, తుమ్ము వచ్చాక వెతుక్కోవడం. ఫ్లూటికాసోన్ లాంటి ముక్కు స్ప్రేలు ఇవాళ కొడితే ఇవాళే పూర్తిగా పనిచేసేవి కావు. పూర్తి పట్టు రావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. క్యాలెండర్లో ఆ ఎర్ర సున్నా అందుకే. కొట్టుకునే తీరు కూడా ముఖ్యం: తల కొంచెం వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, సీసా కొనను చెవి వైపుకు తిప్పి కొట్టాలి. మధ్య గోడ మీద పడితే రక్తం కారొచ్చు. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి పోతుంది, డబ్బు దండగ. మాత్రల్లో సిట్రిజిన్‌కు నిద్ర వస్తుంది, బండి నడిపేవాళ్లు జాగ్రత్త. ఫెక్సోఫెనడిన్‌కు మత్తు తక్కువ, కాకపోతే పళ్లరసంతో వేసుకుంటే సరిగా ఒంటపట్టదు. మంచినీళ్లతోనే వేసుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు రోజూ పీల్చాల్సిన ఇన్‌హేలర్‌ను "బానే ఉన్నా కదా" అని వేసవిలో ఆపి ఉంటే, వానలకు ముందే డాక్టరును కలిసి మళ్లీ మొదలుపెట్టాలి.

రెండింటికి దూరంగా ఉండండి. ఒకటి, మూసుకున్న ముక్కును నిమిషంలో తెరిచే చుక్కలు. మూడు రోజులు దాటి వాడితే వాటికే ముక్కు అలవాటు పడి, మానగానే ముందుకన్నా గట్టిగా మూసుకుంటుంది. రెండోది, "ఒక్క సూది వేయించుకో, ఆర్నెల్లు ఢోకా లేదు" అనే సలహా. అది చాలాసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్. తెరిపి ఇచ్చేమాట నిజమే. షుగరు పెంచేమాట, మాటిమాటికీ వేయించుకుంటే ఎముకలు గుల్లబార్చేమాట ఎవరూ చెప్పరు. ఇక ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం చవకైన మంచి పద్ధతి, ఒక్క షరతు మీద: నీళ్లు కాచి చల్లార్చినవే అయ్యుండాలి. వానల్లో కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి ఎక్కించకండి.

ఇల్లు మొత్తం సంస్కరించబోతే వారంలో అలిసిపోతాం. ఒక్క గదిని గెలిస్తే చాలు, అది పడకగది. రోజులో ఏడెనిమిది గంటలు ఊపిరి పీల్చేది అక్కడే. ఆ గదిలోకి టామీ అడుగు పెట్టకూడదు. పగలూ కూడదు, ఒక్క నిమిషం కూడా కూడదు. నియమం పెట్టడం తేలికే. రాత్రి పదింటికి వాడు తలుపు గీరుతూ కుయ్యిమంటుంటే, తీయబోయే మా ఆయన్ని ఆపడమే కష్టం. మొదటి వారం ఇద్దరూ నాతో మాట్లాడలేదు.

ఆ గదిని మేలోనే సిద్ధం చేయాలి. రోహిణి ఎండకు పరుపులు, దిండ్లు డాబా మీద వేసి దులపండి. దులిపేది ఎలర్జీ ఉన్న మనిషి కాకూడదు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే మైట్లు చస్తాయి. పరుపుకు జిప్పు ఉన్న తొడుగు వేయండి. మందపాటి కర్టెన్లు తీసి, ఉతకడానికి వీలైన పల్చటివి కట్టండి. ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడవండి. ఏడాది దుమ్ము తీయని రెక్కల కింద పడుకుని కుక్కను తిట్టుకోవడం అన్యాయం. ఏసీ ఫిల్టరు రెండు వారాలకోసారి కడిగి బాగా ఆరాక పెట్టండి. ఏసీలో డ్రై మోడ్ ఉంటే వానల్లో వాడండి, చెమ్మ తగ్గుతుంది. పొడి చీపురుతో ఊడిస్తే కింద ఉన్నదంతా గాల్లోకి లేస్తుంది కాబట్టి ముందు తడిగుడ్డ పెట్టించండి. ఆ సమయానికి మా ఆయన పాల ప్యాకెట్ నెపం మీద బయట ఉంటారు.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. అందులో ఉండే హెపా ఫిల్టరు, అంటే సన్నని దుమ్మును పట్టే జల్లెడ, 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం పడుతుంది. గాల్లో ఉన్నవాటినే సుమా, పరుపులో కూర్చున్నవాటిని కాదు. తలుపులు మూసిన గదిలో, గది కొలతకు తగిన మెషీన్ అయితేనే ఉపయోగం. నన్నడిగితే ముందు పరుపు తొడుగు కొనండి, మిగిలిన డబ్బుంటే అది.

టామీ స్నానం ఇంకో యుద్ధం. వాడి ఒంటి మీది ఎలర్జీ సరుకు నీళ్లకు పోతుంది గానీ మూడు నాలుగు రోజుల్లో మళ్లీ చేరుతుంది. అంటే తేడా తెలియాలంటే వారానికి రెండుసార్లు పోయాలి. మన సబ్బులు, మన షాంపూలు వద్దు. కుక్క చర్మానికి అవి సరిపడవు, చర్మం ఎండి పొట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. అన్నిసార్లు పోయడానికి ఏ షాంపూ మంచిదో పశువుల డాక్టరును అడగాలి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, ఇటువైపు వాళ్లకు దగ్గర. వానల్లో స్నానం కన్నా ఆరబెట్టడమే పెద్ద పని. తడి చర్మంతో వదిలేస్తే ఫంగస్, దురద, గోకుడు, మళ్లీ పొట్టు. గోమార్లు పట్టినా అంతే, అందుకని వాటి మందు వానలకు ముందే వేయించాలి. అదే వెళ్లినప్పుడు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బుకు టీకా సంగతి కూడా కనుక్కోండి. ఎలర్జీకి సంబంధం లేదనుకోండి, వరదనీళ్లలో తిరిగే ఊరు మనది. స్నానం పోసేదీ దువ్వేదీ నేనో మా అబ్బాయో, అదీ బయట. టామీ పడుకోవడానికి వేసే గోనెపట్టాను తీసేసి పాత చీరల బొంత వేశాను, ఎంచక్కా వారంవారం ఉతకొచ్చు.

మా ఆయనకు మిగిలింది ముద్దులు. మొహం నాకనివ్వకూడదు, నిమిరాక చేతులు కడుక్కోకుండా కళ్లు నులుముకోకూడదు, వాడితో ఆడిన చొక్కాతో మంచమెక్కకూడదు. ఇంతే, తక్కినదంతా ఆయన ఇష్టం.

ఇన్ని చేసినా పిల్లికూతలు వస్తే సర్దుకుపోవద్దు. నిద్రలో దగ్గుతో లేవడం, మెట్లెక్కితే ఆయాసం, ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్ వారంలో మాటిమాటికీ అవసరం కావడం, ఇవి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన గుర్తులు. పూర్తి వాక్యం మాట్లాడలేకపోయినా, పెదాలు నీలం తిరిగినా, ఇన్‌హేలర్ పీల్చినా తెరిపి రాకపోయినా 108కి ఫోన్ చేయాలి. సరిగ్గా మందు వాడుతూ, పడకగది కాపాడుకుంటూ కూడా ఉబ్బసం అదుపులోకి రాకపోతే, ముఖ్యంగా పిల్లల్లో, కుక్కకు వేరే మంచి ఇల్లు చూడక తప్పదు. ఆ మాట అనడం నాకిష్టం లేదు, కానీ దాచి ప్రయోజనం లేదు.

చివరి పని సంచి. జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరులో ఒక కొత్త ఇన్‌హేలర్, పది మాత్రలు, మందుల చీటీ జిరాక్సు, ఎక్స్‌పైరీ తేదీ పైకి కనపడేలా పెట్టి పైవాటా వాళ్లింట్లో ఉంచుతాను. ఆ సంచిలోనే టామీ గొలుసు ఒకటి అదనంగా ఉంటుంది. పోయినసారి మెట్ల మీద వాణ్ని చేతుల్లో ఎత్తుకుని, మొహం వాడి మెడలో దాచుకుని పైకెక్కింది మా ఆయనే మరి.