క్యాన్సర్ వార్డు సిబ్బందికి ఏ శిక్షణ కావాలో తేల్చుకోవడం ఎలా?

"మీకు ఏ శిక్షణ కావాలి?" అని ఫారం పంచితే వచ్చే జవాబులతో పెద్దగా పని జరగదు. తనకు తెలియదన్న సంగతే తెలియనివాళ్లు దాన్ని ఎలా రాస్తారు? అందుకే శిక్షణ గురించి కాదు, చేసే పనుల గురించి అడగాలి.

నర్సులు, ఫార్మసిస్టులు, రేడియేషన్ టెక్నీషియన్లు, శుభ్రం చేసేవాళ్లు... ఒక్కో వర్గానికి 20 నుంచి 30 పనులతో విడి జాబితా తయారుచేయండి. "కీమో ఇవ్వడం" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు. మోతాదు సరిచూడటం, ఒలికిన మందు ఎత్తడం, నొప్పి ఎంతుందో అడిగి రాయడం, చెడువార్త విన్న కుటుంబంతో మాట్లాడటం, ఇలా విడగొట్టాలి. అన్నట్టు, శుభ్రం చేసేవాళ్లను జాబితాలోంచి వదిలేయడం మామూలైపోయింది. కీమో రోగి వాంతి, మూత్రం ఎత్తేది వాళ్లే, వాటిలో మందు ఉంటుంది.

ప్రతి పనికీ 1 నుంచి 7 వరకు రెండు మార్కులు వేయించండి: ఆ పని తన ఉద్యోగంలో ఎంత ముఖ్యం, తాను ఎంత బాగా చేయగలరు. ముఖ్యానికి 7, చేతనైనదానికి 3 పడితే తేడా 4. తేడా ఎక్కువున్నవి పైకి తెచ్చుకోండి. ఫారం మీద పేరు అడగొద్దు. పై అధికారి చూస్తారని తెలిస్తే అందరూ 6, 7 వేసుకుంటారు.

మార్కులను అలాగే నమ్మకండి, చేయించి చూడండి. "డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎక్కుతుండగా సూది దగ్గర మంటగా ఉందని రోగి అన్నాడు. ఇప్పుడేం చేస్తారు?" అని అడిగి, డమ్మీ చేతి మీద చూపించమనండి. మంట అంటే మందు నరం బయటికి కారుతూ ఉండొచ్చు. సరైన జవాబు ఇది: ముందు మందు ఆపాలి. కాన్యులా (నరంలో ఉంచిన సన్నని గొట్టం) తీయకుండా, దానికే సిరంజి తగిలించి వచ్చినంత మందు వెనక్కి లాగాలి. కాన్యులా తీసేది ఆ తర్వాతే. డాక్టర్‌కు చెప్పి, ఐస్ ప్యాక్ పెట్టాలి. అదే విన్‌క్రిస్టిన్ అనే మరో కీమో మందైతే వేడి కాపడం. కంగారులో ముందే కాన్యులా లాగేయడం, ఏ మందుకైనా ఐస్ పెట్టేయడం, గమనించాల్సిన తప్పులు ఈ రెండూ.

చివరి జల్లెడ: లోపం నిజంగా శిక్షణదేనా? తెల్లకణాలు పడిపోయిన రోగికి జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. పడటం లేదంటే, గత ఏడాది కేసు షీట్లు తీసి జ్వరం చూసిన సమయం, మందు ఎక్కించిన సమయం పక్కపక్కన రాయండి. ఆలస్యమంతా రాత్రిళ్లే కనిపించి, ఆ వేళ మందుల గదికి తాళం పడుతోందని తేలితే, నర్సులను క్లాసులో కూర్చోబెట్టి ఏం లాభం? దాన్ని శిక్షణ జాబితాలోంచి తీసేసి, తాళం ఎవరి చేతిలో ఉందో వాళ్లకు పంపండి.