రక్త క్యాన్సర్ల వైద్యులుగా, పరిశోధకులుగా ఎదగడం ఎలా?

రక్త క్యాన్సర్లకు చికిత్స చేస్తూనే వాటిపై పరిశోధన కూడా చేయాలనుకునే వైద్య విద్యార్థులు ముందుగా గ్రహించాల్సింది, ఇవి రెండు వేర్వేరు ఉద్యోగాలు కావన్న సంగతి. పొద్దున వార్డులో రోగి మంచం పక్కన పుట్టిన సందేహాన్ని ప్రయోగశాలకు తీసుకువెళ్లి, అక్కడ దొరికిన సమాధానాన్ని మళ్లీ అదే వార్డుకు తేవడమే ఈ వృత్తి. మిగతా క్యాన్సర్లతో పోలిస్తే ఇక్కడ ఆ రాకపోకలు సులువు. కత్తి పట్టనక్కర లేకుండా, సూదితో తీసిన కొన్ని మిల్లీలీటర్ల రక్తంలోనో మూలుగలోనో జబ్బు కణాలు సజీవంగా చేతికి వస్తాయి. చికిత్స సాగుతున్నంత కాలం వాటిని మళ్లీ మళ్లీ పరీక్షించి చూసుకోవచ్చు. క్యాన్సర్ మందుల చరిత్రలో ఎన్నో తొలి అడుగులు లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లోనే పడటానికి ఇదొక ముఖ్య కారణమని నా నమ్మకం.

మన దేశంలో చదువు దారి అందరికీ తెలిసిందే. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది, జనరల్ మెడిసిన్‌లోగాని పిల్లల వైద్యంలోగాని ఎండీ మూడేళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాసి క్లినికల్ హెమటాలజీ (రక్తవ్యాధుల వైద్యం)లోనో మెడికల్ ఆంకాలజీ (మందులతో చేసే క్యాన్సర్ వైద్యం)లోనో డీఎం మరో మూడేళ్లు. ఎక్కడా ఆగకపోయినా పదకొండున్నరేళ్లు పడుతుంది. తలసీమియా, హీమోఫిలియా వంటి క్యాన్సర్ కాని రక్తవ్యాధులు కూడా చూడాలనుకునేవారికి హెమటాలజీ తగినది. సీటు ఎంచుకునేటప్పుడు నగరం పేరు కన్నా ఆ విభాగంలో మూలుగ మార్పిడి జరుగుతోందా, సొంత ప్రయోగశాల ఉందా అన్నది చూసుకోండి. అమెరికా వెళ్లదలచినవారు అక్కడ ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ మూడేళ్లు, హెమటాలజీ ఆంకాలజీ ఫెలోషిప్ సాధారణంగా మరో మూడేళ్లు చేయాలి.

పరిశోధన మొదలుపెట్టడానికి డీఎం దాకా ఆగనక్కర లేదు. ఎంబీబీఎస్ విద్యార్థులు సొంతంగా ఒక చిన్న అధ్యయనం చేసేందుకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఉంది. రెండు నెలల్లో గొప్ప ఫలితాలేమీ రావు గాని, ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయడం ఎంత కష్టమో తెలిసివస్తుంది. అంతకన్నా ముందు నేర్చుకోవలసిన విద్య మరొకటి ఉంది. అది స్లైడు చదవడం.

మూలుగ పరీక్షలో బోర్లానో పక్కకో పడుకున్న రోగి తుంటి ఎముక వెనుక భాగంలోకి సూది దించి, సిరంజితో మొదటిసారి లాగిన కొద్దిపాటి మూలుగను స్లైడ్లకే వాడాలి. తర్వాత లాగినదాంట్లో రక్తం ఎక్కువగా కలిసిపోతుంది. ఆ చుక్కను ఆలస్యం చేయకుండా మరో స్లైడు అంచుతో ఒక్క ఊపున పరిచి, ఆరనిచ్చి, లీష్‌మన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద మీరే చూడండి. రిపోర్టు వచ్చేదాకా ఎదురుచూసే అలవాటు పడితే ఈ వృత్తిలో సగం పోగొట్టుకున్నట్లే. ఒక్కోసారి గులాబీ రంగు సన్నని పుల్లలు కట్టెల మోపులాగా ఒకే కణంలో గుత్తులుగా కనిపిస్తాయి. అది అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అని అనుమానించాలి. రక్తస్రావంతో గంటల్లో ప్రాణం తీయగల ఆ జబ్బులో జన్యుపరీక్ష ఫలితం కోసం ఆగకుండా, అనుమానం కలిగిన వెంటనే విటమిన్ ఎ కుటుంబానికి చెందిన ఏట్రా అనే మందు మాత్రలు మొదలుపెట్టడమే పద్ధతి.

ఈ జబ్బు చరిత్ర చదివితే ప్రశ్న ఎక్కడ పుట్టాలో తెలుస్తుంది. ఏట్రాతో ఈ లుకేమియా కణాలను మామూలు కణాలుగా ఎదిగేలా చేయవచ్చని 1980లలో షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం చూపింది. చైనాలోనే హార్బిన్ వైద్యులు ఆర్సెనిక్‌తో మేలు జరుగుతుందని గమనించారు. ఏట్రాతో పాటు కీమో కూడా ఇచ్చే చికిత్స ఖర్చును మన రోగులలో చాలామంది భరించలేకపోవడం చూసిన వెల్లూరు సీఎంసీ వైద్యులు ఆర్సెనిక్ ఒక్కదానితోనే చికిత్స చేసి, 72 మంది రోగుల ఫలితాలను 2006లో ప్రచురించారు. పేద రోగి పడిన ఇబ్బందినే వారు శాస్త్రీయ ప్రశ్నగా మలిచారు. మీ ఓపీలోనూ ఇటువంటి ప్రశ్నలు రోజూ కూర్చుని ఉంటాయి. ఒక నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, రౌండ్లలో "ఇలా ఎందుకైంది?" అనిపించిన ప్రతిదాన్నీ తేదీ వేసి రాసుకోండి. ఏడాది తర్వాత తిరగేస్తే, మూడు నాలుగుసార్లు కనిపించే ప్రశ్న మీ థీసిస్‌కు పనికొస్తుంది.

వికటించిన ఫలితాన్ని కూడా రాసుకోవాలి. 1940లలో బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో పెథాలజిస్టుగా ఉన్న సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్లం సంబంధిత పదార్థాలు ఇచ్చిన లుకేమియా పిల్లల మూలుగలో జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకోవడం గమనించారు. పెంచేది ఫోలిక్ ఆమ్లమైతే దాన్ని అడ్డుకునే మందు ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది. ఆ మందులు అందించిన అమెరికా మందుల సంస్థ లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథ్యం వహించినవారు 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ మందును మనం ఈనాటికీ లుకేమియా పిల్లలకు వెన్నులో ఇస్తున్నాం. ఆ సిరంజి చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు భీమవరం గుర్తుకు వస్తుంది.

డీఎం పూర్తయ్యాక ప్రయోగశాల విద్యకు కనీసం రెండు మూడేళ్లు విడిగా కేటాయించండి. అది పీహెచ్‌డీ కావచ్చు, మంచి ల్యాబులో ఫెలోషిప్ కావచ్చు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే పరిశోధన నిధుల సంస్థ ఇండియా అలయన్స్ వైద్యులకు ప్రత్యేకంగా పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తోంది. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన చేసే సీసీఎంబీ వంటి సంస్థ కూడా అదే ఊళ్లో ఉంది. ఒంటరిగా అన్నీ చేయాలనుకోకండి. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు ఇమాటినిబ్ మందు రావడానికి, ఆ జబ్బు కణాల్లో కనిపించే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్‌ను 1960లో కనిపెట్టినవారు, అది 9, 22 క్రోమోజోముల ముక్కల మార్పిడి అని 1973లో తేల్చిన జానెట్ రౌలీ, మందు తయారుచేసిన రసాయన శాస్త్రవేత్తలు, రోగులకు ఇచ్చి చూసిన బ్రయాన్ డ్రూకర్ అందరూ కావలసి వచ్చింది. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన మందు తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల సంఖ్య మామూలు స్థితికి రావడం వారి ఓపికకు దక్కిన ఫలం. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన కార్-టీ చికిత్సకు (రోగి రక్షణ కణాలనే మార్చి క్యాన్సర్‌పైకి పంపే పద్ధతి) 2023లో అనుమతి రావడం కూడా ఇటువంటి జోడీ ఫలితమే.

ఉద్యోగంలో చేరేటప్పుడు వారంలో ఏ రోజులు పరిశోధనకో కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా ఇచ్చిన రోజులను ఓపీ మింగేస్తుంది. నా తొలి రెండేళ్లు అలాగే కరిగిపోయాయి.

నమూనాల విషయంలో క్రమశిక్షణ మొదటి రోజు నుంచే కావాలి. క్రోమోజోముల పరీక్షకు, కణాలను పెంచడానికి హెపారిన్ ట్యూబు వాడాలి. డీఎన్ఏ పరీక్షకు ఈడీటీఏ ట్యూబు వాడాలి, ఎందుకంటే డీఎన్ఏ నకళ్లను పెంచే పీసీఆర్ పరీక్షను హెపారిన్ అడ్డుకుంటుంది. ట్యూబు మీద పేరు బదులు కోడ్ ఉండాలి. ద్రవ నత్రజనిలో వేల ట్యూబులున్నా, ఆ రోగులు తర్వాత ఎలా ఉన్నారో రాసి లేకపోతే అవి ఎందుకూ కొరగావు.

అన్నిటికన్నా జాగ్రత్తగా నేర్చుకోవలసింది సమ్మతి అడగడం. "సార్, మా నాన్నకు ఆ జబ్బు పేరు చెప్పకండి" అని కొడుకు నడవాలో చేతులు పట్టుకుంటాడు. తండ్రి సంతకమేమో కావాలి. ముందు కొడుకుతో కూర్చుని, ఆ తర్వాత ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, పెద్దాయనకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ఆయన్నే అడగండి. "పెద్దాయనా, పరీక్షకు ఎలాగూ మూలుగ తీస్తున్నాం. అదే సూదితో ఇంకో చెంచా తీసి దాచుకుంటాం, ఈ జబ్బు గురించి తెలుసుకోవడానికి. వద్దన్నా మీ వైద్యంలో ఏ తేడా రాదు" అని వాడుక భాషలో చెప్పి, ఆయన మాటల్లో తిరిగి చెప్పించుకోండి. ఆయన "మీ ఇష్టం బాబూ" అంటే అది సమ్మతి కాదు, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకంతో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి.

కొత్త చికిత్సను పరీక్షించేటప్పుడు ఎథిక్స్ కమిటీ అనుమతి, మొదటి రోగిని చేర్చకముందే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు తప్పనిసరి. గణాంక నిపుణుణ్ని కూడా అప్పుడే కలవండి; లెక్కలన్నీ పోగయ్యాక వెళితే ఆయన చేయగలిగింది తక్కువ.

ఇక రోగి ఇంటికి వెళ్లే రోజున ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లు, ఊరి పేరు, మండలం రిజిస్టరులో మీ చేత్తో రాసుకోండి. రావలసిన తేదీన రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్ చేయండి. బస్సు ఛార్జీలకు డబ్బు లేక ఆగిపోయారని తెలిస్తే, ముందు ఆ ఏర్పాటు చూడండి.