ఇంట్లో బీర్ చేసేవాళ్లు కెగ్ సెటప్ కొనాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి?

అమెరికాలో ఉంటూ గ్యారేజీలో బీర్ తయారు చేసుకునే వాళ్లకి ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. మామూలుగా అది సింక్ ముందు నిలబడి యాభై సీసాలు కడుగుతున్న రోజే అయి ఉంటుంది. ఈ సీసాల గోల వదిలేసి కెగ్ కొనేద్దామా అనిపిస్తుంది. కెగ్ అంటే బీర్ మొత్తం ఒకేచోట నింపి, సిలిండర్ గ్యాస్ ఒత్తిడితో ట్యాప్ నుంచి పోసుకునే స్టీలు డబ్బా. కొనేముందు ఏమేం చూసుకోవాలో వరుసగా చెప్తాను.

ముందు చట్టం సంగతి. 1978లో చేసిన చట్టంతో అక్కడ ఇంటి బీర్‌కి ఫెడరల్ అనుమతి వచ్చింది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాల్లో చివరగా మిసిసిపి, అలబామా 2013లో ఒప్పుకున్నాయి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం లైసెన్స్ లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం ఎక్సైజ్ నేరం. కాబట్టి కింద చెప్పేదంతా అమెరికాలో ఉన్నవాళ్ల కోసమే.

1. డబ్బు మిగులుతుందన్న ఆశ వదిలేయండి

చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. 5 గ్యాలన్ల బ్యాచ్ అంటే 12 ఔన్సుల సీసాలు సుమారు 53. వాటికి కావలసిన మూతలు, గ్యాస్ పుట్టడానికి వేసే నాలుగైదు ఔన్సుల కార్న్ షుగర్, అన్నీ కలిపినా మూడు నాలుగు డాలర్లు దాటవు. సీసాలు ఎలాగూ తాగినవే కడిగి వాడతాం. అదే కెగ్ అయితే 5 పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ సుమారుగా ఆరేడు కెగ్‌లకి వస్తుంది. రీఫిల్‌కి ఊరిని బట్టి 20 నుంచి 35 డాలర్లు. అంటే నడిపే ఖర్చు కూడా కెగ్‌కే కొంచెం ఎక్కువ పడుతుంది. పెట్టిన డబ్బు ఎన్ని బ్యాచ్‌లకి తిరిగొస్తుందని చూస్తే ఎప్పటికీ రాదు.

కెగ్‌తో మిగిలేది టైమ్. సీసాలు నానబెట్టి, కడిగి, శానిటైజర్ పట్టించి, ఒక్కొక్కటీ నింపి, మూత బిగించేసరికి రెండు మూడు గంటలు పడుతుంది. కెగ్ నింపడం అరగంట పని. ఆ తర్వాత సీసాలో గ్యాస్ పుట్టడానికి కనీసం రెండు వారాలు ఆగాలి. కెగ్‌లో ఒత్తిడి పెంచి పెడితే ఒకటి రెండు రోజుల్లోనే తాగొచ్చు. నిదానంగా పట్టించినా వారం పది రోజులే.

2. ఏడాదికి ఎన్ని బ్యాచ్‌లు చేస్తున్నారో నిజాయితీగా లెక్కపెట్టండి

చేయాలనుకుంటున్నవి కాదు, పోయిన ఏడాది నిజంగా చేసినవి. నెలకి ఒకటి చొప్పున చేస్తుంటే కెగ్ కొనండి, పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. ఏడాదికి మూడో నాలుగో అయితే వద్దు. ఆ సెటప్ ఎక్కువకాలం ఖాళీగానే ఉంటుంది, హోస్‌లు మాత్రం శుభ్రం చేయక జిగురు పడతాయి. మధ్యలో ఉన్నవాళ్లకి జవాబు మూడో అంశంలో దొరుకుతుంది.

3. కెగ్ కన్నా ముందు ఫ్రిజ్ సంగతి చూడండి

నా దృష్టిలో అసలు నిర్ణయం ఇదే. కెగ్ చల్లగా లేకపోతే గ్లాసులో నురగ తప్ప బీర్ రాదు. వంటింటి ఫ్రిజ్‌లో పెడదామంటే అరలు తీసేయాలి. ఇడ్లీ పిండి, పెరుగు, పచ్చళ్ల సీసాలు ఎక్కడ పెట్టాలో ఇంట్లో వాళ్లే అడుగుతారు.

మామూలుగా వాడే కెగ్ పాత సోడా కంపెనీల స్టీలు డబ్బా. సుమారు 9 అంగుళాల వెడల్పు, 2 అడుగులకి పైన ఎత్తు. నిండితే 50 పౌండ్ల బరువు. దీనికి మూడు దారులున్నాయి: సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్, రెడీమేడ్ కెగరేటర్ (కెగ్ కోసమే ట్యాప్‌తో చేసిన ఫ్రిజ్), లేదా చెస్ట్ ఫ్రీజర్‌కి బీర్ గడ్డకట్టకుండా టెంపరేచర్ కంట్రోలర్ తగిలించడం. 7 క్యూబిక్ ఫీట్ల చెస్ట్ ఫ్రీజర్‌లో మూడు కెగ్‌లు సులభంగా పడతాయి. నన్నడిగితే మూడోదే మేలు. కానీ టెక్సస్ లాంటి చోట ఎండాకాలంలో గ్యారేజీ ఎంత వేడెక్కుతుందో తెలిసిందే. ఆ వేడిలో మోటారు ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు కూడా లెక్కలో పెట్టుకోండి.

అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండి, ఏడాదిలో మారే ఆలోచన ఉంటే ఇప్పుడే తొందరపడొద్దు.

4. మొత్తం ఎంత పడుతుందో రాసుకోండి

వాడిన కెగ్ ఒకటి, సిలిండర్, గ్యాస్ ఒత్తిడిని అదుపు చేసే, రెండు ముల్లు మీటర్లున్న రెగ్యులేటర్, హోస్‌లు, చేత్తో నొక్కే ప్లాస్టిక్ ట్యాప్. వీటితో మొదలుపెడితే సుమారు 250 నుంచి 350 డాలర్లు. ఫ్రీజర్, కంట్రోలర్ కలిపితే ఇంకో 250, 300. గోడకో తలుపుకో బిగించే స్టీలు ట్యాప్ చూడ్డానికి బాగుంటుంది గానీ మొదటి రోజే అవసరం లేదు.

సిలిండర్ కొనేముందు మీ ఊళ్లో గ్యాస్ ఎలా ఇస్తున్నారో కనుక్కోండి. కొన్ని షాపుల్లో మీ సిలిండరే నింపిస్తారు. కొన్నిచోట్ల ఖాళీది తీసుకుని వాళ్ల దగ్గరున్న వేరేది ఇచ్చేస్తారు. అలాంటి ఊళ్లో మెరిసిపోయే కొత్త అల్యూమినియం సిలిండర్ కొంటే మొదటి రీఫిల్‌కే చేతులు మారిపోతుంది. నింపించే పద్ధతి అయితే సిలిండర్ మెడ మీద చెక్కిన టెస్ట్ తేదీ చూసుకోండి. అయిదేళ్లు దాటితే మళ్లీ టెస్ట్ చేయించందే నింపరు.

5. మీరు చేసే బీర్ ఏది? ఎవరు తాగుతారు?

హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పూలు) దట్టించిన ఐపీఏ రకం బీర్‌లు చేసేవాళ్లకి కెగ్ నిజంగా పనికొస్తుంది. సీసా నింపేటప్పుడు తగిలే గాలికి ఆ వాసన తొందరగా చచ్చిపోతుంది. కెగ్‌లో ముందే గ్యాస్ నింపి గాలిని బయటికి తోలేయొచ్చు. అదే ఏడాది పాటు దాచుకుని తాగే ఘాటైన నల్ల బీర్‌లు (స్టౌట్‌లు), బెల్జియన్ రకాలు అయితే సీసాలే మంచివి. కెగ్‌లో పెడితే ఒక ట్యాప్ నెలల తరబడి దానికే అంకితం.

పోట్‌లక్‌కి (తలా ఒకటి తెచ్చుకునే విందుకి) నాలుగు సీసాలు పట్టుకెళ్లే అలవాటు ఉన్నవాళ్లకి కెగ్ కొంచెం ఇబ్బందే. కెగ్ నుంచి సీసాల్లోకి నింపే పరికరాలు వేరే ఉన్నాయి, అదో ఖర్చు. ఇంకో మాట: ట్యాప్ ఇంట్లో ఉంటే ఎంత తాగామో తెలియదు. సీసాలైతే మర్నాడు లెక్క కనిపిస్తుంది.

ఇంట్లో తాగనివాళ్లు ఉంటే ఒక కెగ్ నీళ్లకి కేటాయించండి. చల్లటి నీళ్లకి 30 పీఎస్ఐ (ఒత్తిడికి కొలత) దగ్గర గ్యాస్ పట్టిస్తే సోడా తయారు. నిమ్మరసం, ఉప్పు కలుపుకుంటే వచ్చినవాళ్లు బీర్ కన్నా ముందు ఇదే ఖాళీ చేస్తారు. రూట్ బీర్ (పేరుకే బీర్, నిజానికి తియ్యటి సోడా) మాత్రం ఆ కెగ్‌లో పోయకండి. దాని వాసన రబ్బరు రింగులకి పట్టి ఓ పట్టాన వదలదు.

6. ఇంకా తేలకపోతే

22 ఔన్సుల సీసాలకి మారండి. 53 కాస్తా 29 అవుతాయి, సగం విసుగు తగ్గుతుంది. లేదా దగ్గర్లోని హోమ్‌బ్రూ క్లబ్‌లో ఎవరిదైనా సెటప్ దగ్గరుండి చూసి, ఒక బ్యాచ్‌కి కెగ్ అడగండి. వీళ్లు సాధారణంగా కాదనరు, పైగా గంటసేపు పాఠం కూడా చెప్తారు.

7. కొనాలని తేల్చుకుంటే

హోస్ తగిలించే పద్ధతిని బట్టి బాల్ లాక్, పిన్ లాక్ అని రెండు రకాల కెగ్‌లున్నాయి. ఏదో ఒకదానికే కట్టుబడండి, బాల్ లాక్ అయితే సామాను తేలిగ్గా దొరుకుతుంది. పాత కెగ్ కొంటే లోపలి గ్యాస్ వదిలించాకే పైనున్న పోస్టులు (హోస్‌లు తగిలించే బిరడాలు) విప్పండి. ట్యూబ్ లోపల పాత సోడా గడ్డకట్టి ఉంటుంది, కడగండి. రబ్బరు రింగులు అన్నీ మార్చండి. సెట్ నాలుగైదు డాలర్లకే వస్తుంది.

బీర్ హోస్ 3/16 అంగుళాల లోపలి వెడల్పుతో 10 అడుగులు పెట్టండి. చూడ్డానికి నీట్‌గా లేదని కత్తిరించేస్తే గ్లాసంతా నురగే. 38 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 10 నుంచి 12 పీఎస్ఐ చాలా రకాలకి సరిపోతుంది.

సిలిండర్‌ని కారులో తెచ్చేటప్పుడు నిలబెట్టి కట్టండి, అద్దం కొంచెం దించండి. ఇంట్లో గాలి ఆడని చిన్న గదిలో పెట్టొద్దు. లీకైతే ఈ గ్యాస్‌కి వాసన ఉండదు, ప్రాణం మీదికి వస్తుంది. ఎంత మిగిలిందో మీటర్ చూసి తెలుసుకోలేరు. లోపల ద్రవం ఉన్నంతసేపు ముల్లు కదలదు, అయిపోవచ్చాక ఒక్కసారిగా పడిపోతుంది. మెడ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది, సిలిండర్‌ని త్రాసు మీద పెట్టి, వచ్చిన బరువులోంచి దాన్ని తీసేసి చూసుకోండి.

మొదటిసారి బీర్ పోయకముందే ఖాళీ కెగ్‌కి 30 పీఎస్ఐ ఇచ్చి మూత బిగుసుకునేలా చేయండి. వంట గ్యాస్‌కి చూసినట్టే జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లి బుడగలు వస్తున్నాయేమో చూడండి. తర్వాత సిలిండర్ వాల్వ్ కట్టేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ముల్లు అక్కడే ఉంటే కెగ్‌ని శానిటైజ్ చేసి బీర్ నింపొచ్చు.