సొట్టపడిన ఇత్తడి తాంబాళాన్ని చీలకుండా సరిచేయడం ఎలా?

బతుకమ్మను పేర్చే తాంబాళం అంచు వంగితే మా నల్లగొండలో చాలామంది దాన్ని బండ మీద పెట్టి సుత్తితో కొడతారు. అమ్మమ్మ తాంబాళాన్ని నేనూ అలాగే కొట్టాను. నాలుగో దెబ్బకు అంచు చీలింది. కొట్టిన కొద్దీ ఇత్తడి బిగుసుకుపోతుందని, ఆ బిగువు విడిపించకుండా మళ్లీ కొట్టకూడదని అప్పటికి నాకు తెలియదు.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. సుత్తి దెబ్బలకు దాని లోపలి స్ఫటికాలు నలిగి చిక్కుపడతాయి. తగినంత కాలిస్తే వాటి చోట కొత్త స్ఫటికాలు పుట్టి, లోహం మళ్లీ సాగుతుంది. తూటాల ఇత్తడి గొట్టాల మూతిని కాల్చి మెత్తబరచడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం.

ముందు పళ్లెం లోపల తెల్లటి కళాయి, అంటే తగరపు పూత, ఉందేమో చూడండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, కళాయి ఉంటే పని అయ్యాక మళ్లీ పెట్టించుకోవాలి.

కాల్చే పని సందెవేళ, ఆరుబయట, నీడ చిక్కబడ్డాక మొదలుపెట్టండి. ఇది చాదస్తం కాదు. మన ఎండలో లోహం లేత ఎరుపు కంటికి ఆనదు. ఆనేసరికే వేడి మితిమీరుతుంది. గ్యాస్ టార్చి మంటను ఒకచోట నిలపకుండా సొట్ట చుట్టూ తిప్పుతూ ఉండండి. మసక వెలుతురులో ఎరుపు లీలగా కనిపించగానే మంట తీసేయండి. ఇంకా కాలిస్తే స్ఫటికాలు పెద్దవై, కొట్టాక పైభాగం బత్తాయి తొక్కలా గరుకు తేలుతుంది. తెల్లటి పొగ వచ్చిందంటే జింకు ఆవిరవుతున్నట్టే. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది, దూరం జరగండి.

ఇనుములా దీన్ని ఎర్రగా ఉండగా కొట్టకూడదు, పగులుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి. నీళ్లలో ముంచినా ఉక్కులా గట్టిపడదు గానీ, పలుచని పళ్లెం వంకర తిరగవచ్చు. గాలికి వదిలేయడమే నాకు ఇష్టం.

చల్లారాక ఇసుక సంచి మీద బోర్లించి చెక్క సుత్తితో మెల్లగా కొట్టండి. చెవి పెట్టి వినండి. మెత్తబడిన ఇత్తడి దబ్‌మంటుంది. మోత ఖంగుమనడం మొదలైతే ఆగి, మళ్లీ కాల్చండి. రెండు మూడు విడతలు పట్టినా తొందరపడవద్దు. సొట్ట పోయాక అంచు చుట్టూ నాలుగు తేలిక దెబ్బలు వేస్తే, మళ్లీ వంగకుండా కాస్త బిగువు మిగులుతుంది. నలుపును చింతపండు, ఉప్పుతో తోమండి.

తాంబాళాన్ని పశువుల కొట్టంలో మాత్రం దాచవద్దు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో ఉంచిన తూటాల గొట్టాలు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, బిగుసుకున్న ఇత్తడి కలిస్తే ఆ పగుళ్లు వస్తాయని 1921లో తేల్చారు.