తుపాకీ వార్త రాయడం ఎలా? 4వ పాఠం: సిపాయి రైఫిలు, సివిల్ రైఫిలు

ముందు పోయినసారి అభ్యాసం సంగతి. బ్యాంకు గార్డు భుజానికి వేలాడేది రైఫిలా కాదా అని అడిగాను. కోఠి, సుల్తాన్ బజార్ వైపు వెళ్ళి చూసినవాళ్ళకు 12 బోర్ డబుల్ బ్యారెల్ కనిపించి ఉంటుంది. బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు. దాని గొట్టం లోపల రైఫిలుకుండే మెలితిరిగిన గాళ్ళు ఉండవు, నున్నగా ఉంటుంది. కాబట్టి రైఫిలు కాదు. 12 అంటే మిల్లీమీటర్లని రాసినవాళ్ళు ఒక మార్కు వదులుకోండి. ఆ గొట్టానికి సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌండు తూగుతాయి, ఆ లెక్క అది.

ఇక ఈ వారం పాఠం. దీన్ని నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు.

డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో అమెరికా కాల్పుల వార్త ఒకటి తెలుగు చేస్తూ, ఏఆర్-15 అంటే 'అసాల్ట్ రైఫిల్' అని విడమరిచి రాశాను. ఏ అంటే అసాల్ట్, ఆర్ అంటే రైఫిల్, ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. మూడో రోజు గోల్కొండ నుంచి రిటైర్డ్ హవల్దార్ ఒకాయన ఆ కటింగు మడతపెట్టి జేబులో పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

"గిది రాసింది నువ్వేనా బిడ్డా?"

"నేనే, హవల్దార్ సాబ్."

"రూపం జూసి పేరు పెట్టొద్దు. ఘోడా ఒక్కసారి గుంజితే ఎన్ని గోలీలు పోతయో ముందు అడుగు. పేరు సంగతి తర్వాత."

ఘోడా అంటే ట్రిగ్గర్. మన ఊళ్ళో పాతవాళ్ళ నోట ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ పాఠమంతా ఆయన అడగమన్న ఆ ఒక్క ప్రశ్నే.

ఏఆర్ అంటే ఆర్మలైట్ రైఫిల్, అది కంపెనీ పేరు. 1950ల చివర్లో అక్కడ యూజీన్ స్టోనర్ రూపొందించిన రైఫిలు హక్కులను 1959లో కోల్ట్ కంపెనీ కొనుక్కుంది. అదే డిజైను రెండు దారులు పట్టింది. అమెరికా సైన్యంలోకి వెళ్ళింది ఎం16 అయింది. 1964 నుంచి పౌరులకు అమ్మింది ఏఆర్-15 పేరుతోనే ఉండిపోయింది. రెండింటినీ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. తేడా ఎడమ వైపు, బొటనవేలికి అందే చిన్న మీట దగ్గర. దాన్ని సెలెక్టర్ అంటారు. పౌరుల రైఫిలులో దానికి రెండే స్థానాలు: ఒకటి భద్రం, రెండోది ఒక్కో గుంజుకు ఒక్కో తూటా. సైన్యం దానికి మూడో స్థానం ఉంటుంది. అక్కడ పెట్టి ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే, వదిలేదాకానో మ్యాగజైన్ (తూటాల డబ్బా) ఖాళీ అయ్యేదాకానో తూటాలు పోతూనే ఉంటాయి. ఎం16 వేగం నిమిషానికి 700 పైచిలుకు. అంటే 30 తూటాల మ్యాగజైన్ అయిపోవడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. ఇలా మార్చి కాల్చగల వీలు, చేతికి అదుపయ్యే మధ్యరకం తూటా, ఊడదీసి పెట్టే మ్యాగజైన్, ఈ మూడూ ఉంటేనే సైనిక పరిభాషలో అసాల్ట్ రైఫిల్. అమెరికాలో 1986 మే 19 తర్వాత తయారైన మరతుపాకులను, అంటే ఒక్క గుంజుకు ఒకటికి మించి తూటాలు వదిలేవాటిని, మామూలు పౌరులు కొనడానికి వీల్లేదు.

ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు 'మిలిటరీది అంటే మరతుపాకీ' అని నోటుబుక్కులో రాసేసుకుని ఉంటారు. కొట్టేయండి.

1962 చైనా యుద్ధం తర్వాత మన జవాన్ల చేతికొచ్చిన సెల్ఫ్ లోడింగ్ రైఫిలు, అంటే 1ఎ1 ఎస్ఎల్ఆర్‌లో ఆ మూడో స్థానమే లేదు. గుంజిన ప్రతిసారీ ఒకే తూటా. 7.62 మి.మీ. తూటా తన్నే తన్నుకు ఎడతెరపి లేకుండా కాల్చడం మొదలుపెడితే రెండో తూటాకే గురి ఆకాశంలోకి పోతుంది. దాని తర్వాత 1990లలో వచ్చిన 5.56 మి.మీ. ఇన్సాస్ రైఫిలు ఒక గుంజుకు మూడు తూటాలకు ఆగేలా వచ్చింది. అమెరికావాళ్ళు కూడా వియత్నాంలో తూటాలు వృథా అవడం చూసి, 1980లలో ఎం16ఎ2కు ఆ మూడింటి కట్టడే పెట్టారు. అందుకే 'మిలిటరీ రైఫిల్' అని రాసి ఊరుకుంటే పాఠకుడికి ఏమీ చెప్పినట్టు కాదు.

గొట్టం పొడవు గురించి రెండు ముక్కలు చాలు. అమెరికా చట్టం 1960 నుంచీ మామూలు పౌరుల రైఫిలుకు గొట్టం కనీసం 16 అంగుళాలు ఉండాలంటుంది. సైన్యం వాడే ఎం4 అనే పొట్టి రైఫిలుకు 14.5 అంగుళాలే. ఫొటోలో అంగుళంన్నర తేడా పట్టేశానని ఎవరైనా చెబితే నమ్మకండి.

తూటా దగ్గర మాత్రం జాగ్రత్త. పౌరుల .223 రెమింగ్టన్, సైన్యం 5.56 మి.మీ. తూటాలు చేతిలో పెడితే తేడా తెలియదు. కానీ సైన్యపు ఛాంబర్‌లో, తూటా కూర్చునే చోటికీ గాళ్ళు మొదలయ్యే చోటికీ మధ్య కాస్త ఎక్కువ ఖాళీ వదులుతారు. అంత ఖాళీ లేని .223 ఛాంబర్‌లో 5.56 కాలిస్తే లోపల ఒత్తిడి హద్దు మీరే ప్రమాదముంది. వార్తలో ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయొద్దు.

రూపం చూసి పేరు పెట్టే తప్పు మనలాంటి సబ్ ఎడిటర్లే కాదు, చట్టాలు చేసేవాళ్ళూ చేశారు. 1994లో అమెరికా 'అసాల్ట్ వెపన్ల' మీద తెచ్చిన నిషేధం, ఏది ఆ కోవలోకి వస్తుందో తేల్చడానికి, బాయొనెట్ (తుపాకీ చివర కత్తి) తగిలించే కొక్కెం, గొట్టం చివర మంట కనబడకుండా చేసే తొడుగు లాంటివి లెక్కపెట్టింది. కంపెనీలు ఆ కొక్కెం, తొడుగు లాంటివి తీసేసి, మిగతాదంతా అలాగే ఉంచి అమ్ముకున్నాయి. 2004లో ఆ చట్టం గడువు తీరింది.

ఇప్పుడు మన దేశం. నా దృష్టిలో మొత్తం పాఠంలో రుచిగల భాగం ఇదే. ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపూ తూటాలు వదిలే ఆయుధం నిషిద్ధమని 1959 ఆయుధాల చట్టం చెబుతుంది. హవల్దార్ సాబ్ ప్రశ్నే, కాకపోతే లాయరు భాషలో. అయితే మన దగ్గర దానికన్నా పాత గీత ఇంకొకటుంది, అది బోర్ దగ్గర గీసినది. సిపాయి వాడే .303 అంగుళాల బోర్ రైఫిలును తెల్లదొరలు పౌరులకు దూరంగా ఉంచారు. సైన్యం నుంచి దొంగిలించిన తూటా బయటి తుపాకీలో పనికిరాకూడదని వాళ్ళ ఆలోచన. దొరలు పోయినా గీత పోలేదు. పశ్చిమ బెంగాల్ ఇషాపూర్ ఫ్యాక్టరీలో సిపాయికి లీ ఎన్‌ఫీల్డ్ .303 తయారైంది, లైసెన్సుదారుకు దాదాపు అదే బోల్టు పద్ధతిలో .315 స్పోర్టింగ్ రైఫిలు తయారైంది. రెండూ ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగి కాల్చేవే, ఒక్కో గుంజుకు ఒక్కటే తూటా. బోల్టు చూస్తే అన్నదమ్ములు, నోరు మాత్రం వేరు. ఒకటి నిషిద్ధ బోర్, ఇంకొకటి కాదు. కాబట్టి అమెరికా వార్త వస్తే ట్రిగ్గర్ సంగతి అడగండి, మన దగ్గరి వార్త వస్తే బోర్ కూడా అడగండి. హైదరాబాద్‌లో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్. దాని మీద బోర్ రాసి ఉంటుంది, స్టేషన్‌కు ఫోన్ చేసినప్పుడు అది చదవమనండి. ఒకరికి రెండు తుపాకులకు మించకూడదని 2019 సవరణ తర్వాతి నిబంధన. అంతకుముందు మూడు. పాత వార్తల్లోంచి ఎత్తి రాసేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

అభ్యాసం. కింది మూడు శీర్షికలు నేను కల్పించినవి. ఒక్కోదానికి, స్టేషన్‌కు ఫోన్ చేసి అడగాల్సిన ఒక్క ప్రశ్న రాయండి.

పెళ్ళి ఊరేగింపులో .303తో గాల్లోకి కాల్పులు. లైసెన్సు ఉందన్న వరుడి బాబాయి

అమెరికా మాల్‌లో ఏఆర్-15 మరతుపాకీతో బీభత్సం

సెంట్రీ ఎస్ఎల్ఆర్ నుంచి పొరపాటున ఒక తూటా, గోడకు చిల్లు

వీటిలో ఒకదానికి దిద్దుబాటు అక్కర్లేదు.